నాలుగేండ్ల బిడ్డకు సీటు



సంక్రాంతి వెళ్లిందంటే చాలు, మన పట్టణాలలో గోడలమీద, ఆటోల వెనుక, నాలుగు రోడ్ల కూడళ్లలో బడి ప్రవేశాల ప్రకటనలు కనబడతాయి. పేరున్న పాఠశాలలైతే క్రిస్మస్ సెలవులకు ముందే దరఖాస్తు ఫారాలు అమ్మడం మొదలుపెడతాయి. బడులు తెరిచేది జూన్‌లో. అయినా బిడ్డకు నాలుగేండ్లు నిండీ నిండకముందే, ఇంకా అన్నం కలిపి నోట్లో పెట్టవలసిన వయస్సులోనే, "సీటు దొరుకుతుందా?" అనే దిగులు ఇంట్లో ప్రవేశిస్తుంది. ఒకప్పుడు ఇది పట్టణాలలోని ఉద్యోగస్థుల దిగులు. ఇప్పుడు పల్లెలకు పసుపుపచ్చ బస్సులు వస్తున్నాయి గనుక దిగులు కూడ వాటితోపాటే వచ్చింది.

బిడ్డను మంచి బడిలో చదివించాలనే కోరిక మంచిదే. దానిని మేము తప్పుపట్టము. తాము కూలికి వెళ్లినా బిడ్డ చేతిలో పలక ఉండాలని కోరిన తాతలు, అమ్మమ్మలు ఉండబట్టే మన సంఘాలలో ఇందరు ఉపాధ్యాయులు, నర్సులు, ఉద్యోగులు లేచారు. అయితే ఆ కోరికను ఆసరాగా తీసుకొని బిడ్డకు, ఇంటికి ఏమి జరుగుతున్నదో ఈ నెల ఆలోచించవలసి ఉన్నది. అందుకు కారణం మాకు అందిన ఒక ఉత్తరం.

వ్రాసినది ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతపు తల్లి. పేరు, ఊరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. వారికి ఎకరంన్నర పొలం ఉన్నది. భర్త ఏడవ తరగతితో చదువు ఆపి వ్యవసాయం చూసుకుంటున్నారు. కుమారునికి నాలుగేండ్లు. పదహారు కిలోమీటర్ల దూరంలోని పట్టణంలో బాగా పేరున్న ఇంగ్లీషు మీడియం పాఠశాలకు ఎల్.కె.జి. ప్రవేశం కొరకు తీసుకొని వెళ్లారు. గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒక బొమ్మ చూపించి ఇది ఏమిటని ఇంగ్లీషులో అడిగితే పిల్లవాడు "మేకపోతు" అన్నాడు. ఏ రంగు అని అడిగితే "నల్లది, మా తాత మేక లాగ" అన్నాడు. తరువాత ప్రశ్నలు పెద్దవాళ్లకు వచ్చాయి. తండ్రి ఏమి చదివారు? తల్లి ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడగలరా? నెలకు ఆదాయం ఎంత? గంటసేపు బయట కూర్చోబెట్టి, "బాబు సరిగా జవాబులు చెప్పలేదు. అయినా భవన నిధికి 50,000 రూపాయలు కడితే చూస్తాము. నెలాఖరు వరకే గడువు" అన్నారట. ఆ డబ్బుకు రసీదు ఉండదు.

ఆ తల్లి ఇంకా ఇలా వ్రాశారు: "మా ఆయన అర ఎకరం తాకట్టు పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. 'నా బిడ్డ నాలాగ కాకూడదు' అంటున్నారు. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేకపోతున్నాను. బాబు మాత్రం ఆ రోజు నుండి కొత్తవాళ్లు ఇంటికి వస్తే మంచం క్రింద దూరుతున్నాడు. 'అమ్మా, నేను ఫెయిలయ్యానా?' అని అడుగుతున్నాడు. మమ్మల్ని ఏమి చేయమంటారు?"

సహోదరీ, ముందుగా మా జవాబు చెబుతాము, కారణాలు తరువాత వివరిస్తాము. ఆ 50,000 కట్టవద్దు. పొలం తాకట్టు పెట్టవద్దు. మీ బాబు ఫెయిలు కాలేదు.

పరీక్ష ఎవరికి జరిగింది?

మీ బాబు చెప్పిన జవాబును మరొకసారి చూడండి. బొమ్మలోని జంతువును గుర్తుపట్టాడు. అది మేక అని మాత్రమే గాక మేకపోతు అని కూడ చెప్పాడు. రంగు చెప్పాడు. చూసిన బొమ్మను ఇంటివద్ద తాత మేకతో పోల్చాడు. గుర్తించడం, పేరు పెట్టడం, పోల్చడం - నాలుగేండ్ల బిడ్డ బడికి సిద్ధంగా ఉన్నాడని చెప్పడానికి ఇంతకంటె ఏమి కావాలి? అక్కడ లేనిది ఇంగ్లీషు మాట ఒక్కటే. ఆ మాట నేర్పడానికే గదా బడి ఉన్నది! ముందే నేర్చుకొని వచ్చిన బిడ్డనే చేర్చుకుంటామనే బడి, ఆరోగ్యంగా ఉన్నవారినే చేర్చుకుంటామనే ఆసుపత్రి వంటిది. అటువంటి ఆసుపత్రిలో ఎవరూ చనిపోకపోవడం వైద్యుని గొప్పతనమా?

ఇంకొక సంగతి. జూన్‌లో పుట్టిన బిడ్డకు, మరుసటి మార్చిలో పుట్టిన బిడ్డకు మధ్య తొమ్మిది నెలల తేడా ఉంటుంది. పెద్దవారిలో అది లెక్కలోకి రాదు. కాని నలభై ఎనిమిది నెలల వయస్సులో తొమ్మిది నెలలంటే దాదాపు అయిదవ వంతు. ఇద్దరినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే ప్రశ్న వేసి, ఒకరు తెలివిగలవారు, ఒకరు కాదు అని తేల్చడం న్యాయం కాదు. పైగా ఆ వయస్సు బిడ్డ నిద్ర చాలకపోయినా, ఆకలి వేసినా, ఎదుటివారి ముఖం నచ్చకపోయినా నోరు విప్పడు. పది నిమిషాలలో బిడ్డ సంగతి తెలియదు. తల్లిదండ్రుల చదువు, జీతం, బట్టలు, మాటతీరు మాత్రం బాగా తెలుస్తాయి. కాబట్టి ఆ గదిలో పరీక్ష జరిగింది మీ ఇంటి స్థితికి. ఫలితం మాత్రం బిడ్డ పేరున చెప్పారు.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన మాట కాదు. పిల్లల చదువు భారాన్ని పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 1992లో ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. 1993లో ఆ సంఘం ఇచ్చిన నివేదికలో, నర్సరీ ప్రవేశానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టే అలవాటును రద్దు చేయాలని స్పష్టంగా సిఫారసు చేసింది. పసిపిల్లలకు మితిమీరిన చదువు, వ్రాత, లెక్కలు రుద్దడాన్ని హింసగానే ఎంచింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడ 3 నుండి 8 సంవత్సరాల వయస్సు వరకు చదువు ముఖ్యంగా ఆటపాటల ద్వారా సాగాలని చెబుతున్నది.

చట్టం ఏమి చెబుతున్నది?

మన పల్లెలలో చాలామందికి ఈ చట్టం సంగతి తెలియదు. బడివారు చెప్పరు. అందుచేత కొంచెం ఓపికగా చదవండి.

బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. దాని 13వ సెక్షను రెండు పనులను నిషేధిస్తున్నది. ఒకటి, క్యాపిటేషన్ ఫీజు, అనగా బడి ప్రకటించిన ఫీజు గాక విరాళమని, నిధి అని, మరే పేరుతోనైనా తీసుకొనే సొమ్ము. రెండవది, బిడ్డను గాని తల్లిదండ్రులను గాని వడపోసి ఎంచుకోవడం. సీట్లకంటె దరఖాస్తులు ఎక్కువైతే చీట్లు తీయడం వంటి పద్ధతినే అనుసరించాలి. క్యాపిటేషన్ ఫీజు తీసుకుంటే అందుకు పదిరెట్ల వరకు జరిమానా వేయవచ్చు. వడపోత జరిపితే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారి 50,000 వరకు జరిమానా వేయవచ్చు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఈ చట్టం బిడ్డ అన్నప్పుడు 6 నుండి 14 సంవత్సరాల వయస్సు వారిని లెక్కలోకి తీసుకుంటుంది. 2013లో ఢిల్లీ హైకోర్టు, ఆరేండ్లలోపు పిల్లల నర్సరీ ప్రవేశాలకు, బలహీన వర్గాలకు కేటాయించిన సీట్ల విషయంలో తప్ప, ఈ చట్టం వర్తించదని చెప్పి, చట్టాన్ని సవరించే విషయం ఆలోచించవలసిందిగా ప్రభుత్వానికి సూచించింది. ఎల్.కె.జి. ఇంటర్వ్యూలు ధైర్యంగా నడుస్తున్నది ఈ సందు ఉండబట్టే. కాని డొనేషన్ మాట వేరు. 1983లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. రసీదు ఇవ్వని సొమ్మును ఏ చట్టమూ సమర్థించదు. రసీదు లేదన్నారంటే, ఆ సొమ్ము తీసుకోరాదని వారికీ తెలిసినట్లే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే చట్టంలోని 12వ సెక్షను. ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు పాఠశాలలు కూడ ఒకటవ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుప్రక్కల ఉండే బలహీన వర్గాల, నిరాదరణకు గురైన వర్గాల పిల్లలకు ఇచ్చి, ఎనిమిదవ తరగతి వరకు ఉచితంగా చదివించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రవేశాలు 2022-23 విద్యా సంవత్సరం నుండి ఆన్‌లైన్ దరఖాస్తుల ద్వారా, లాటరీ పద్ధతిన మొదలయ్యాయి. రాష్ట్ర నియమాల ప్రకారం ఆ 25 శాతంలో అనాథలు, హెచ్.ఐ.వి. బాధితులు, వికలాంగులైన పిల్లలకు 5 శాతం, షెడ్యూల్డు కులాలకు 10, షెడ్యూల్డు తెగలకు 4, ఆదాయ పరిమితికి లోబడిన వెనుకబడిన తరగతులు, మైనారిటీలు, ఇతరులకు 6 శాతం కేటాయించారు. మన సంఘాలలో అనేకులకు బి.సి.-సి ధ్రువపత్రం ఉన్నది. అటువంటివారు వెనుకబడిన తరగతుల లెక్కలోకి వస్తారు. దరఖాస్తు గడువు, ఆదాయ పరిమితి, వయస్సు ఆ సంవత్సరానికి ఎంతో మీ మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. తెలంగాణలోని చదువరులు కూడ తమ మండల కార్యాలయంలోనే అక్కడి నియమాలు తెలుసుకోవాలి.

కాబట్టి సహోదరీ, మీ బాబుకు దారి మూసుకొని పోలేదు. ఒకటవ తరగతి వయస్సు వచ్చేవరకు మీ ఊరి అంగన్‌వాడీకి పంపండి. మూడేండ్ల నుండి ఆరేండ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య నేర్పడం అంగన్‌వాడీ పనులలో ఒకటి. తరువాత మీకు అర్హత ఉంటే 25 శాతం సీట్లకు దరఖాస్తు పెట్టండి. లాటరీలో పేరు రాకపోయినా అది బిడ్డ ఓటమి కాదు, ఎందుకంటే చీటీ ఎవరి తెలివిని కొలవదు.

మన పాఠశాలల మాట

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఈ చట్టం అందరికీ వర్తించదు. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు 25 శాతం సీట్ల నియమం చెల్లుతుందని తీర్పు చెబుతూనే, సహాయం పొందని మైనారిటీ పాఠశాలలకు మినహాయింపు ఇచ్చింది. 2014 మే 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, సహాయం పొందినా పొందకపోయినా మైనారిటీ పాఠశాలలకు ఈ చట్టమే వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరియైనదేనా అని సందేహం వెలిబుచ్చి, మరింత పెద్ద ధర్మాసనం పరిశీలించే నిమిత్తం నివేదించింది.

మైనారిటీ పాఠశాలలంటే వాటిలో మన సంఘాలు నడిపేవి కూడ ఉన్నాయి. తమ విద్యాలయాలను తాము నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం క్రింద ఇచ్చింది. అది విలువైన హక్కు, దానిని కాపాడుకోవలసిందే. కాని చట్టం మనలను అడగకపోతే మన మనస్సాక్షి కూడ అడగకూడదా? పొరుగువాని బడి నలుగురిలో ఒక పేద బిడ్డను చేర్చుకోవలసి ఉండగా, సిలువ గుర్తు ఉన్న బడి గేటు వద్ద కూలివాని బిడ్డ తిరిగి వెళ్లిపోతే, చూసేవారికి మనం ఏమి సాక్ష్యం ఇచ్చినట్లు?

ఒంగోలు చరిత్ర మనకు తెలుసు. 1866లో అక్కడికి వచ్చిన బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒక బడి పెట్టారు. అగ్రకులాల వారు తమ పిల్లలను పంపారు. అంతలో ఊరి బయటి పేటల నుండి ప్రజలు వారి వద్దకు రాసాగారు. వారిని చేర్చుకుంటే మేము రాము అని పెద్దలు హెచ్చరించారు. దొరగారు ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కంటబడిందని ఆయన తన జ్ఞాపకాలలో వ్రాశారు. లోకం ఎన్నిక లేనివారిగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకొనడం గురించిన భాగం అది. వారు పేటల వారిని చేర్చుకున్నారు. అగ్రకులాల పిల్లలు బడి మానివేశారు. ఆనాడు బడి ఖాళీ అయినా ఫరవాలేదనుకున్నారు గనుకనే ఈనాడు మనలో అనేకుల ఇండ్లలో చదువు ఉన్నది.

అందుచేత మన పాఠశాలల కరస్పాండెంట్లకు, కమిటీ సభ్యులకు మేము చేసే మనవి ఇది. పసిపిల్లలకు ఇంటర్వ్యూలు ఆపండి. సీట్లకంటె పిల్లలు ఎక్కువైతే తల్లిదండ్రుల ఎదుటనే చీట్లు తీయండి. చీట్లు వేయడం మనకు కొత్త కాదు. ఇస్కరియోతు యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకొన్నప్పుడు అపొస్తలులు వేసినవి చీట్లే. కోర్టు ఏ తీర్పు చెప్పినా, నాలుగవ వంతు సీట్లు పేద బిడ్డలకని మీ అంతట మీరే ముందుగా ప్రకటించండి.

లెక్క వేయండి

పేద ఇల్లయినా కలిగిన ఇల్లయినా, ఫారం కొనేముందు కాగితం మీద లెక్క వేయాలి. ఎల్.కె.జి. నుండి పదవ తరగతి వరకు పన్నెండు సంవత్సరాలు. ఈ సంవత్సరం ఫీజు 30,000 అనుకుందాము. ఏటా నూటికి పది చొప్పున పెరిగితే పదవ తరగతి నాటికి అది 85,000 దాటుతుంది. పన్నెండేండ్లకు కలిపి సుమారు 6 లక్షల 40 వేలు అవుతుంది. ఇందులో బస్సు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, వార్షికోత్సవపు వసూళ్లు లేవు. ఇది ఒక్క బిడ్డకు. రెండవ బిడ్డ ఉంటే? ఆడపిల్లను ఊరి బడికి, మగపిల్లవానిని పట్నం బడికి పంపుతామనే ఆలోచన చాలా ఇండ్లలో ఇక్కడే మొదలవుతుంది. అది రాకుండ జాగ్రత్తపడండి.

ఇక అప్పు సంగతి. 50,000కు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,000, ఏడాదికి 12,000. నాలుగు సంవత్సరాల రెండు నెలలకు కట్టిన వడ్డీయే అసలంత అవుతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది. అప్పటికి బాబు మూడవ తరగతిలో ఉంటాడు. ఫీజు గడువు వచ్చినప్పుడల్లా పొలం మీద అప్పు గుర్తుకు వస్తుంది. మార్కులు తగ్గినప్పుడల్లా "నీ కోసం పొలం తాకట్టు పెట్టాము" అనే మాట నోటికి వస్తుంది. ఏ బిడ్డా ఆ మాట మోయలేడు. ఫీజు కట్టగల శక్తి ఇంటి రాబడిలో ఉంటే కట్టండి, పొలం అమ్మి కట్టవలసివస్తే అది మీ బడి కాదు.

బడిలో మీరు అడగవలసినవి

ఇంటర్వ్యూ అంటే బడివారు మనలను అడిగేదని అనుకుంటాము. మనమూ అడగాలి. తండ్రి ఏడవ తరగతి చదివినా, అసలు చదవకపోయినా ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఉన్నది.

గుర్తింపు పత్రం ఉన్నదా, ఏ తరగతి వరకు? గుర్తింపు లేకుండ బడి నడపకూడదని చట్టం చెబుతున్నది. సి.బి.ఎస్.ఇ. అని బోర్డు మీద వ్రాస్తే, ఆ అనుబంధం నిజముగా ఉన్నదా? ఒక ఉపాధ్యాయురాలికి ఎందరు పిల్లలు? ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒకరు ఉండాలని చట్టంలోని లెక్క. బస్సు ఇంటివద్దకు ఎన్నింటికి వస్తుంది, తిరిగి ఎన్నింటికి దింపుతుంది? పసిబిడ్డ రోజుకు రెండు గంటలు బస్సులో గడిపితే నేర్చుకొనే ఓపిక ఎక్కడ మిగులుతుంది? మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్నదా, చిన్నపిల్లలకు సాయం చేసే ఆయా ఉన్నదా? పిల్లవాడు తెలుగులో మాట్లాడితే ఏమి చేస్తారు? జరిమానా వేస్తామన్నా, మెడలో పలక వేలాడదీస్తామన్నా ఆ గేటు దాటి వచ్చేయండి. కొట్టడాన్ని, మనస్సును వేధించడాన్ని చట్టం 17వ సెక్షను నిషేధించింది.

పత్రాల విషయంలోను భయపడవద్దు. వయస్సు ధ్రువపత్రం లేదనే కారణంతో ప్రాథమిక విద్యకు వచ్చిన బిడ్డకు ప్రవేశం నిరాకరించకూడదు. బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న చెప్పింది. అయినా జనన ధ్రువపత్రం, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందుగానే సిద్ధం చేసుకోవడం మంచిది. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి. డబ్బు అడిగినా, అన్యాయం జరిగినా జిల్లా విద్యాశాఖాధికారికి వ్రాతపూర్వకంగా తెలపండి. బాలల హక్కుల కమిషనుకు కూడ ఫిర్యాదు చేయవచ్చు.

బిడ్డతో ఎలా మాట్లాడాలి?

బిడ్డ ఎదుట "సీటు రాలేదు" అని చుట్టాలతో చెప్పకండి. పక్కింటి పిల్లతో, అక్క కొడుకుతో పోల్చకండి. నెల రోజులపాటు రంగుల పేర్లు ఇంగ్లీషులో వల్లె వేయించి, తప్పు చెబితే కసరకండి. ఇంట్లో తెలుగులోనే మాట్లాడండి. ఒక భాష బాగా వచ్చిన బిడ్డకు రెండవ భాష దానిమీద నిలుస్తుంది. రాత్రి కథ చెప్పండి. పనిలో చేర్చుకోండి. గింజలు లెక్కపెట్టించండి, మేకలకు పేర్లు పెట్టించండి, గుడి గంట ఎన్నిసార్లు మ్రోగిందో అడగండి. నాలుగేండ్ల బిడ్డకు ఇదే చదువు.

మీ బాబు "నేను ఫెయిలయ్యానా?" అని మళ్లీ అడిగితే, పక్కన కూర్చోబెట్టుకొని ఇలా చెప్పండి: "లేదు నాయనా. నువ్వు మేకపోతు అన్నావు, అది మేకపోతే. నల్లది అన్నావు, అది నల్లదే. వాళ్లకు మన మాట తెలియలేదు." ఈ మాట వాళ్ల నాన్న నోట వస్తే ఇంకా మంచిది.

ఆ తండ్రితోను ఒక మాట. అన్నా, "నా బిడ్డ నాలాగ కాకూడదు" అన్నారు. ఇంగ్లీషులో వ్రాసిన నోటీసు ఎదుట నిలబడి చదవలేని మనిషికి కలిగే బాధ మాకు అర్థమవుతుంది. కాని మీలో బిడ్డకు రావలసినవి చాలా ఉన్నాయి. ఎండలో నిలబడే ఓపిక, మాట నిలుపుకొనే గుణం, భూమిని చూసి వాన చెప్పగల తెలివి ఇంటర్వ్యూ గదిలో ఎవరూ అడగలేదు. అడగనంత మాత్రాన అవి లేకుండ పోవు. చదువు ద్వారం నాలుగేండ్లకు ఒక్కసారే తెరుచుకొని మూసుకొనేది కాదు. 1986 నుండి నడుస్తున్న నవోదయ విద్యాలయాలు ఆరవ తరగతిలో ప్రవేశ పరీక్ష పెడతాయి. వాటిలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవే. ప్రభుత్వ గురుకులాలు అయిదవ తరగతి నుండి ఉన్నాయి. పదేండ్ల బిడ్డకు పరీక్ష అంటే ఏమిటో తెలుసు. దానికి సిద్ధపడగలడు, ఓడినా తట్టుకోగలడు. ఆ నాటికి మీ పొలం మీ చేతిలోనే ఉండాలి.

సంఘం చేయగలది

చివరగా సంఘ పెద్దలకు, యౌవనస్థులకు ఒక పని. 25 శాతం సీట్ల ప్రకటన వచ్చినప్పుడు అది పేపరులో ఒక మూల పడి, పది పదిహేను రోజులలో గడువు ముగుస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి గనుక పొలంలో ఉన్న తల్లికి అందదు. ఆ ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ప్రకటనలలో దీనిని కూడ చదవండి. ఫోను వాడడం తెలిసిన ఇద్దరు యౌవనస్థులు మందిరపు వరండాలో రెండు గంటలు కూర్చుంటే పది కుటుంబాల దరఖాస్తులు పూర్తవుతాయి. మన సభ్యుల బిడ్డలకే అని గిరి గీయవద్దు, వీధిలో ఏ బిడ్డ అయినా బిడ్డే. ధ్రువపత్రం లేనివారిని మరునాడు ఒకరు వెంట ఉండి మండల కార్యాలయానికి తీసుకొని వెళ్లాలి.

ప్రకాశం జిల్లా సహోదరికి ఈ సంచికతోపాటు విడిగా ఒక ఉత్తరం కూడ పంపుతున్నాము. మండల విద్యాధికారి కార్యాలయంలో ఏమి అడగాలో, ఏ పత్రాలు వెంట తీసుకొని వెళ్లాలో అందులో వరుసగా వ్రాశాము. మీ ఊరిలోను నెలాఖరు గడువు చూసి భయపడుతున్న ఇల్లు ఏదైనా ఉన్నదేమో కనుక్కోండి. ఉంటే, వారు పొలం కాగితాలు చేతపట్టుకొని బయలుదేరకముందే వెళ్లి ఈ పేజీ చదివి వినిపించండి.